కమ్యూనిటీ సైకియాట్రీ టీమ్‌లో కేసు మీటింగ్: కలిసి నేర్చుకోవాలంటే ఏం చెయ్యాలి, ఏ వరసలో చెయ్యాలి

కమ్యూనిటీ సైకియాట్రీ టీముల నుంచి, అంటే ఆసుపత్రి బయట, జనం ఉండే చోటే మానసిక చికిత్స అందించే టీముల నుంచి, ఈ మధ్య ఒకటే ప్రశ్న రకరకాలుగా వస్తోంది. "వారానికోసారి కేసు డిస్కషన్ పెట్టాం, మొదట్లో బాగానే నడిచింది, మూడో నెలకి సగం మంది రావట్లేదు, ఏం చెయ్యాలి?" అని ఒకరు. "మా మీటింగ్‌లో సైకియాట్రిస్ట్ ఒక్కరే మాట్లాడతారు, మిగతావాళ్ళం రాసుకుంటాం, దీన్ని కలిసి నేర్చుకోవడం అంటారా?" అని ఇంకొకరు. ఒక్కొక్కరికీ విడిగా జవాబివ్వడం కంటే మొత్తం ఒకచోట పెడితే మేలనిపించి ఇది రాస్తున్నా.

ముందే ఒక మాట చెప్పేస్తా, కింద రాసిందంతా దాని చుట్టూనే తిరుగుతుంది. చర్చ ఎంత బాగా జరిగినా సరే, ఆ కేసు కొన్ని వారాల తర్వాత మళ్ళీ అదే టేబుల్ దగ్గరికి వచ్చి "మీరన్నట్టే చేశాం, ఇలా అయింది" అని చెప్పకపోతే అక్కడ ఎవరూ ఏమీ నేర్చుకోలేదన్నట్టే. సలహా ఇచ్చినవాళ్ళకి తమ సలహా పనిచేసిందో లేదో తెలీదు, తెలీదు కాబట్టి వచ్చే నెల ఇంకో కేసులో కూడా అదే సలహా అంతే ధీమాగా ఇస్తారు. చాలా టీముల్లో దారం తెగేది ఇక్కడే.

1. మీకు కావాల్సింది ఏ మీటింగో తేల్చుకోండి

మీటింగ్ అనే ఒక్క పేరు కింద నాలుగు రకాల పనులు కలిసిపోతుంటాయి, అన్నీ ఒకే గంటలో కుక్కితే ఏదీ సరిగ్గా జరగదు.

- రోజువారీ బోర్డు మీటింగ్: 15 నుంచి 20 నిమిషాలు. ఇవాళ ఎవరి పరిస్థితి బాలేదు, ఎవరింటికి ఎవరు వెళ్తున్నారు, ఎవరి ఇంజెక్షన్ డేటు దాటిపోయింది. 1970ల్లో అమెరికాలోని మాడిసన్‌లో మొదలైన అసర్టివ్ కమ్యూనిటీ ట్రీట్‌మెంట్ టీములు, అంటే ఒక్కో స్టాఫ్‌కి సుమారు 10 మంది పేషెంట్లు మాత్రమే ఉండే టీములు, రోజూ ఇలాంటి మీటింగ్‌తోనే పని మొదలుపెడతాయి.
- కేస్‌లోడ్ రివ్యూ: టీమ్ చూసుకుంటున్న పేషెంట్లందరి రిజిస్టర్ తెరిచి, ఎవరు మెరుగవ్వట్లేదో వెతికి, వాళ్ళ ట్రీట్‌మెంట్ మార్చడం.
- నేర్చుకునే కేసు మీటింగ్: ఒకే ఒక్క కేసు, లోతుగా.
- మనసు విప్పుకునే గ్రూప్: పేషెంట్‌తో మన సంబంధం మనల్ని ఎలా కదిలిస్తోందో మాట్లాడుకునేది. 1950ల్లో లండన్‌లో మైఖేల్ బాలింట్, ఎనిడ్ బాలింట్ జనరల్ డాక్టర్లతో నడిపిన బాలింట్ గ్రూపులు ఈ రకానివే.

ఈ గైడ్ ముఖ్యంగా మూడోదాని గురించి. కేస్‌లోడ్ రివ్యూ గురించి 7లో కొంత రాశాను. బాలింట్ గ్రూప్ మాత్రం ట్రైనింగ్ తీసుకున్న లీడర్ లేకుండా మొదలుపెట్టకండి, మాటలు ఎటో వెళ్ళిపోయి మనుషులు గాయపడే అవకాశం ఉంది.

2. ఎవరెవరు కూర్చోవాలి

8 నుంచి 12 మంది చాలు. 15 దాటితే సగం మంది ప్రేక్షకులైపోతారు, 5 కంటే తగ్గితే ఒకరిద్దరు లీవ్ పెట్టిన రోజు మీటింగ్ ఆగిపోతుంది.

సైకియాట్రిస్ట్, నర్స్, సైకాలజిస్ట్, సోషల్ వర్కర్, ఫార్మసిస్ట్ దొరికితే ఫార్మసిస్ట్, వీళ్ళు ఎలాగూ గుర్తొస్తారు. మర్చిపోయేది ఇంటింటికీ తిరిగే ఫీల్డ్ వర్కర్‌ని, ఆ ఏరియా జనరల్ డాక్టర్‌ని, తాను స్వయంగా మానసిక జబ్బుతో బతికి ఇప్పుడు మిగతావాళ్ళకి తోడుగా పనిచేస్తున్న పీర్ సపోర్ట్ వర్కర్‌ని. వీళ్ళు లేకుండా నడిపితే అది ఆసుపత్రి వార్డు రౌండే, కాకపోతే వేరే గదిలో జరుగుతుందంతే.

పీర్ వర్కర్ని పిలిచేటప్పుడు ఒక జాగ్రత్త. ఒక్కరినే పిలిచి కూర్చోబెడితే ఆ మనిషి "పేషెంట్లందరి తరఫున" మాట్లాడాల్సిన ఇరకాటంలో పడతారు. కుదిరితే ఇద్దరిని పిలవండి. వాళ్ళ సొంత కథ చెప్పమని మాత్రం ఎప్పుడూ అడక్కండి, చెప్పాలనిపిస్తే వాళ్ళే చెప్తారు.

నడిపించేవాళ్ళు, అంటే ఫెసిలిటేటర్, ఆ గదిలో అందరికంటే సీనియర్ అయ్యుండకూడదు. ఈ ఒక్క విషయంలో నేను అస్సలు రాజీపడను. సీనియర్ నడిపితే ప్రతి ప్రశ్నా ఆయన మొహం చూసి అడుగుతారు. ఒక నర్సో సోషల్ వర్కరో నడపాలి, మూడు నెలలకోసారి మారాలి.

3. మొదటి మీటింగ్‌కి ముందే రాసుకోవాల్సిన ఒప్పందం

ఒక పేజీ చాలు, కానీ రాతలో ఉండాలి. నోటిమాటగా అనుకున్నవి మొదటి గొడవలోనే చెదిరిపోతాయి.

ఒప్పందంలో ఉండాల్సినవి:

- పేషెంట్ బాధ్యత ఎవరిది? మీటింగ్ ఇచ్చేది సలహా మాత్రమే, తుది నిర్ణయం చికిత్స చేస్తున్న క్లినీషియన్‌ది, పేషెంట్‌ది. ఇది స్పష్టంగా రాయకపోతే రేపు ఏదైనా జరిగినప్పుడు అందరూ ఒకరి వైపు ఒకరు చూస్తారు.
- గదిలో విన్నది గది దాటదు. అయితే ఎవరి ప్రాణానికైనా ముప్పుందని తెలిస్తే ఏం చేస్తాం, ఎవరికి చెప్తాం అన్నది కూడా అదే పేజీలో రాయాలి.
- పేషెంట్‌కి ముందే చెప్పాలి. "మీ విషయం పేరు లేకుండా మా టీమ్‌లో మాట్లాడుకుంటాం, మీకు సమ్మతమేనా, టీమ్‌ని ఏమైనా అడగమంటారా?" అని.
- నోట్స్ ఎవరు రాస్తారు, ఎక్కడ దాస్తారు, ఎన్నాళ్ళు ఉంచుతారు. కేసు రికార్డులోకి ఏం వెళ్తుంది, ఏం వెళ్ళదు. మీ సంస్థ రూల్స్, మీరున్న చోట చట్టం ఏం చెప్తున్నాయో ఒకసారి కనుక్కున్నాకే దీన్ని ఖాయం చెయ్యండి.
- టైమ్ ఖచ్చితం. 60 నిమిషాలు అంటే 60 నిమిషాలే.

మూడో పాయింట్ దగ్గర చాలామంది తటపటాయిస్తారు, "పేషెంట్‌కి చెప్తే భయపడతారేమో" అని. నా అనుభవంలో అడిగితే ఎక్కువమంది సంతోషిస్తారు, తన గురించి ఇంతమంది ఆలోచిస్తున్నారా అని. ఫిన్లాండ్‌లో మొదలైన ఓపెన్ డైలాగ్ పద్ధతిలో అయితే పేషెంట్, ఇంటివాళ్ళు లేకుండా వాళ్ళ గురించి నిర్ణయాలే చెయ్యరు. మనం అంతదూరం వెళ్ళలేకపోయినా వాళ్ళ వెనకాల మాట్లాడుతున్నామన్న స్పృహ ఉంటే చాలు, మన మాటతీరే మారిపోతుంది.

4. కేసు తయారు చేసుకోవడం

మీటింగ్ బాగుండేదీ పాడయ్యేదీ చాలావరకు ఇక్కడే తేలిపోతుంది. కేసు తెచ్చేవాళ్ళు ముందురోజు ఒక 30 నిమిషాలు కూర్చుని ఒక్క పేజీ రాయాలి. రెండు పేజీలైతే ఎవరూ చదవరు.

పేజీలో వరస ఇది:

1. నా ప్రశ్న, ఒకే వాక్యంలో. అన్నిటికంటే పైన.
2. పేషెంట్‌కి ఏం కావాలి, వాళ్ళ మాటల్లోనే.
3. మనిషి గురించి నాలుగు వాక్యాలు: ఎవరితో ఉంటున్నారు, రోజు ఎలా గడుస్తోంది, ఏం చెయ్యగలుగుతున్నారు, ఎవరి అండ ఉంది.
4. జబ్బు కథ, ముఖ్యమైన మలుపులు మాత్రమే.
5. ఇప్పటివరకు ఏం ప్రయత్నించాం, ఏ డోసు, ఎన్నాళ్ళు, ఎందుకు ఆపాం.
6. ఒంటి ఆరోగ్యం: బరువు, బీపీ, షుగర్, మిగతా మందులు, పొగ, మద్యం.
7. ప్రమాదాలు, దాంతోపాటే వాళ్ళని నిలబెట్టే అంశాలు.
8. నన్ను ఇబ్బంది పెడుతున్న విషయం ఒకటి.

ఆరోదాన్ని దయచేసి దాటెయ్యకండి. తీవ్ర మానసిక జబ్బులున్నవాళ్ళు మిగతావాళ్ళకంటే 10 నుంచి 20 ఏళ్ళు ముందే చనిపోతున్నారు, అందులో ఎక్కువభాగం గుండె జబ్బులు, షుగర్, ఊపిరితిత్తుల జబ్బులు లాంటి వాటివల్లే. మన పేజీలో ఆ గడి ఖాళీగా ఉందంటే మనం కూడా ఆ లెక్కలో భాగమవుతున్నట్టే.

ప్రశ్న ఎలా ఉండాలో చూడండి. "ఈ కేసు మేనేజ్‌మెంట్ ఎలా?" అన్నది ప్రశ్న కాదు, దానికి వచ్చే జవాబులన్నీ పాఠ్యపుస్తకం లాగానే ఉంటాయి. "ఈమె నెలనెలా ఇంజెక్షన్ కోసం వస్తుంది కానీ ఎవరితోనూ మాట్లాడదు, ఆరు నెలలుగా ఇంతే, నేను బలవంతం చెయ్యకుండా ఎలా దగ్గరవ్వాలి?" అని అడిగితే గదిలో ప్రతి ఒక్కరి దగ్గరా చెప్పడానికి ఏదో ఒకటి ఉంటుంది.

పేరు తీసేస్తే చాలనుకోకండి. ఊరు, ఉద్యోగం, అరుదైన సంఘటన, కుటుంబంలో ప్రత్యేకమైన విషయం, వీటిలో ఏ రెండు కలిసినా మనిషి ఎవరో తెలిసిపోతుంది, ముఖ్యంగా అదే ఏరియాలో ఉండే ఫీల్డ్ వర్కర్లకి. వయసు "40ల్లో" అని రాయండి, తేదీలు "మూడు నెలల కిందట" అని మార్చండి. పేజీ పూర్తయ్యాక ఒక పరీక్ష చేసుకోండి: ఈ కాగితం దారిలో పడిపోయి ఆ పేషెంట్ పక్కింటివాళ్ళకి దొరికితే గుర్తుపడతారా? పడతారంటే ఇంకా తియ్యాల్సింది ఉంది.

5. ఆ 60 నిమిషాలు

మొదటి 10 నిమిషాలు: తిరిగొచ్చిన కేసులు. కొత్త కేసు కంటే ముందు, ఎప్పుడూ ముందే. చివర్లో పెడితే టైమ్ అయిపోయిందని ప్రతి వారం ఎగిరిపోతుంది.

తర్వాత 8 నిమిషాలు: కేసు చెప్పడం. ప్రశ్నతో మొదలుపెట్టి ప్రశ్నతో ముగించాలి, మధ్యలో ఎవరూ అడ్డు రాకూడదు.

తర్వాత 7 నిమిషాలు: వివరాల కోసం ప్రశ్నలు మాత్రమే. "లిథియం లెవెల్ (బైపోలార్ జబ్బుకి వాడే లిథియం మందు రక్తంలో ఎంతుందో చూసే పరీక్ష) ఎప్పుడు చేశారు?" అంటే వివరం. "లిథియం లెవెల్ చెయ్యాలని అనిపించలేదా?" అంటే అది ప్రశ్న ముసుగేసుకున్న మందలింపు. ఫెసిలిటేటర్ ఇక్కడే ఆపాలి, మెల్లగా "ఇది తర్వాతి భాగంలో చెప్దాం అండి" అంటే చాలు.

తర్వాత 20 నిమిషాలు: చర్చ. కేసు తెచ్చినవాళ్ళు కుర్చీ కాస్త వెనక్కి జరుపుకుని, మాట్లాడకుండా, వింటూ రాసుకోవాలి. బాలింట్ గ్రూపుల నుంచి తీసుకున్న అలవాటు ఇది, మొదటిసారి అందరికీ వింతగా ఉంటుంది, రెండోసారికి దాని విలువ తెలుస్తుంది. ఎందుకంటే వాళ్ళు మాట్లాడుతుంటే ప్రతి సలహాకీ "అది చేశాం, పనిచెయ్యలేదు" అంటూ తమని తాము కాపాడుకోవడమే సరిపోతుంది, వినడం జరగదు.

మాట్లాడే వరస కూడా ముఖ్యం. పేషెంట్ ఇంటికి ఎక్కువ దగ్గరగా పనిచేసేవాళ్ళు ముందు, సైకియాట్రిస్ట్ చివర. సైకియాట్రిస్ట్ ముందు మాట్లాడితే మిగతావాళ్ళు ఆ దారిలోనే నడుస్తారు, వేరే దారి కనబడినా నోరు విప్పరు.

ఎందుకింత పట్టుబడుతున్నానో చెప్పడానికి ఒక ఊహా ఉదాహరణ. 40ల్లో ఉన్న మనిషి, మూడేళ్ళుగా క్లోజపైన్ (మిగతా మందులకి లొంగని స్కిజోఫ్రీనియాకి వాడే మందు) మీద స్థిరంగా ఉన్నారు. మూడు వారాల నుంచి పగలంతా నిద్ర, నోట్లో లాలాజలం ఎక్కువ, మలబద్ధకం. డాక్టర్ ప్రశ్న, జబ్బు తిరగబెడుతోందా లేక డిప్రెషన్ మొదలైందా అని. సైకియాట్రిస్ట్ ముందు మాట్లాడితే చర్చంతా ఆ రెండిటి మధ్యే తిరుగుతుంది. ఫీల్డ్ వర్కర్ ముందు మాట్లాడితే "ఆయన నెల కిందట సిగరెట్లు పూర్తిగా మానేశారండి, ఇంట్లో అందరూ సంబరపడుతున్నారు" అంటారు. అంతే, తాళం తెరుచుకుంది. పొగలో ఉండే పదార్థాలు క్లోజపైన్‌ని విరగ్గొట్టే ఎంజైమ్‌ని చురుగ్గా ఉంచుతాయి, పొగ ఆగితే ఆ ఎంజైమ్ నెమ్మదిస్తుంది, అదే డోసుకి రక్తంలో మందు పెరిగిపోతుంది. నికోటిన్ ప్యాచ్ వాడుతున్నా ఇదే జరుగుతుంది, ఎందుకంటే కారణం పొగ, నికోటిన్ కాదు. ఇక క్లోజపైన్ మీద ఉన్నవాళ్ళలో మలబద్ధకం చిన్న విషయం కాదు, పేగు కదలిక ఆగిపోయి ప్రాణం మీదకి రావచ్చు. కాబట్టి ఈ కేసు మీటింగ్ అయ్యేదాకా కూడా ఆగకూడదు, అదే రోజు డాక్టర్ చూడాలి, లెవెల్ చేయించి డోసు సరిచెయ్యాలి.

మందు సంగతి డాక్టర్‌కి తెలుసు, సిగరెట్ సంగతి ఫీల్డ్ వర్కర్‌కి తెలుసు. రెండూ ఒక గదిలో కలవాలి, పైగా సరైన వరసలో కలవాలి.

తర్వాత 7 నిమిషాలు: కేసు తెచ్చినవాళ్ళు మళ్ళీ ముందుకొచ్చి విన్నవాటిలో ఏది పనికొస్తుంది, ఏది కుదరదు, ఏది కొత్తగా తోచింది చెప్పాలి.

చివరి 8 నిమిషాలు: రాయడం. దీనికి విడిగా ఒక భాగం కావాలి.

6. రాయడం, కేసుని వెనక్కి రప్పించడం

ఒక రిజిస్టర్ పెట్టండి, కాగితమైనా ఎక్సెల్ షీట్ అయినా. ఒక్కో కేసుకి ఒక్క వరస, ఆరు గడులు:

- ప్రశ్న
- ఏం చేద్దామనుకున్నాం, రెండు పనులకి మించకుండా
- ఎవరు చేస్తారు, ఒకే ఒక్క పేరు
- ఏం జరుగుతుందని అనుకుంటున్నాం
- ఎప్పుడు తిరిగొస్తుంది, తేదీతో సహా
- చివరికి ఏమైంది

"టీమ్ చూసుకుంటుంది" అని రాశారంటే ఎవరూ చూసుకోరని అర్థం. పేరు రాయండి.

నాలుగో గడి చాలామంది వదిలేస్తారు, నన్నడిగితే రిజిస్టర్ మొత్తానికీ అదే ప్రాణం. "డోసు పెంచితే నాలుగు వారాల్లో నిద్ర మెరుగవ్వాలి" అని ముందే రాసుకుంటే, నాలుగు వారాల తర్వాత మెరుగవ్వకపోతే మన అంచనా తప్పని తెలుస్తుంది. ముందు రాసుకోకపోతే ఏం జరిగినా "అలాగే అనుకున్నాం" అనిపిస్తుంది, మనసు అలాగే మోసం చేస్తుంది.

మా టీమ్‌లో జరిగింది చెప్తా, ఈ గడి ఎందుకు పెట్టామో అర్థమవుతుంది. ఒకాయన ఇంట్లో కుదురుగా కూర్చోలేకపోతున్నారు, రాత్రంతా అటూ ఇటూ నడక, చిరాకు. ఇంట్లో గొడవలు కూడా ఉన్నాయి. మేమంతా ఇరవై నిమిషాలు ఆ గొడవల గురించి చాలా లోతుగా మాట్లాడుకుని, ఆందోళన ఎక్కువైందని తేల్చి, యాంటీసైకోటిక్ (భ్రమలు, లేని గొంతులు వినబడటం లాంటివి తగ్గించే మందు) డోసు పెంచమన్నాం. కేసు తిరిగి రాలేదు, రావాలని ఎవరూ రాయలేదు. రెండు నెలల తర్వాత కొత్తగా చేరిన నర్స్ ఒకరు ఆయన్ని చూసి, "మీకు మనసులో కంగారుగా ఉందా, లేక కాళ్ళే నిలవనివ్వట్లేదా?" అని అడిగితే "కాళ్ళేనమ్మా" అన్నారట. అకతీసియా, అంటే మందు వల్ల కాలు ఒకచోట నిలవని స్థితి. మందు వల్ల వచ్చిన ఇబ్బందికి మేము అదే మందు ఇంకాస్త పెంచాం. ఆ రెండు నెలలు ఆయన పడ్డ బాధ తల్చుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది. నాలుగు వారాలకి ఆ కేసు టేబుల్ మీదకి వచ్చుంటే, డోసు పెంచాక నడక ఇంకా ఎక్కువైందని అప్పుడే తెలిసేది.

తిరిగొచ్చే గడువు మామూలుగా 4 వారాలు. మందు మార్పు, ప్రమాదం ఉన్న కేసైతే 1 నుంచి 2 వారాలు. ఇల్లు, ఉద్యోగం, పింఛను లాంటి విషయాలైతే 8 వారాలైనా పర్వాలేదు. తిరిగొచ్చిన కేసు గురించి మూడు నిమిషాలు చాలు: ఏం చేశాం, ఏమైంది, ఏం ఊహించలేదు.

7. జనరల్ డాక్టర్లతో, ప్రైమరీ కేర్‌తో కలిసి పనిచెయ్యడం

డిప్రెషన్, యాంగ్జైటీ ఉన్నవాళ్ళలో ఎక్కువమంది ముందు వెళ్ళేది జనరల్ డాక్టర్ దగ్గరికే. ఒకరోజు ట్రైనింగ్ పెట్టి, ఫొటోలు దిగి, సర్టిఫికెట్ ఇచ్చి పంపేస్తే వాళ్ళ ప్రాక్టీస్ మారదు. మానసిక నిపుణులు కానివాళ్ళు కూడా మానసిక చికిత్స చెయ్యగలిగేలా ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో మొదలుపెట్టిన ఎంహెచ్‌గ్యాప్ ప్రోగ్రామ్‌లో కూడా ట్రైనింగ్ తర్వాత సూపర్‌విజన్ ఉండాలనే చెప్తారు.

పనిచేసేది ఇది: ఒక రిజిస్టర్, పేషెంట్లు ఎలా ఉన్నారో వెంటపడి కనుక్కునే ఒక కేర్ మేనేజర్, వారానికోసారి సైకియాట్రిస్ట్‌తో గంట. 2002లో ప్రచురించిన ఇంపాక్ట్ ట్రయల్‌లో 60 ఏళ్ళు దాటిన 1801 మంది డిప్రెషన్ పేషెంట్లని చూశారు, ఇలా కలిసి పనిచేసిన చోట ఏడాదికి 45 శాతం మందిలో లక్షణాలు సగమో అంతకన్నా ఎక్కువో తగ్గాయి, మామూలు చికిత్సలో 19 శాతం మందిలోనే తగ్గాయి. మందులు రెండుచోట్లా అవే దొరుకుతాయి. ముఖ్యమైన తేడాల్లో ఒకటి ఎవరు మెరుగవ్వట్లేదో వెతికి పట్టుకుని చికిత్స మార్చడం.

కేస్‌లోడ్ రివ్యూకి చెక్‌లిస్ట్:

- ప్రతి పేషెంట్‌కీ పీహెచ్‌క్యూ-9 (డిప్రెషన్ ఎంత ఉందో కొలిచే తొమ్మిది ప్రశ్నల పత్రం) స్కోర్, మొదటిది, తాజాది. స్కోర్ 0 నుంచి 27, 5 పాయింట్లు తగ్గితే చెప్పుకోదగ్గ మార్పు, 5 కంటే కిందకి వస్తే దాదాపు కోలుకున్నట్టు.
- తొమ్మిదో ప్రశ్నకి, అంటే చనిపోవాలన్న ఆలోచనల గురించిన ప్రశ్నకి, 0 కాకుండా ఇంకేదైనా జవాబొస్తే అదే రోజు మాట్లాడారా?
- 8 వారాలు దాటినా స్కోర్ కదలనివాళ్ళు ఎవరు? వాళ్ళ గురించే ఈ వారం మాట్లాడండి.
- రావడం మానేసినవాళ్ళు ఎవరు? ఫోన్ ఎవరు చేస్తారు?

జనరల్ డాక్టర్‌కి రాసే లెటర్ గురించి కూడా చెప్పాలి. మూడు పేజీల హిస్టరీ రాసి చివర్లో "కైండ్లీ కంటిన్యూ" అంటే వాళ్ళేం చెయ్యాలి? పైనే నాలుగు లైన్లు రాయండి: ఏం జబ్బు, ఏం మందు, మీరు ఏం చూడాలి, ఏం కనబడితే మాకు వెంటనే ఫోన్ చెయ్యాలి. లిథియం మీద ఉన్నవాళ్ళకైతే రక్తపరీక్ష చివరి డోసు తర్వాత 12 గంటలకి తియ్యాలని, కొన్ని నొప్పి మాత్రలు, కొన్ని బీపీ మందులు లిథియంని పెంచుతాయని, వాంతులు విరేచనాలు చేతులు బాగా వణకడం కనిపిస్తే ఆలస్యం చెయ్యొద్దని రాయండి. క్లోజపైన్ అయితే 48 గంటలకి మించి వేసుకోకపోతే పాత డోసు నేరుగా మొదలుపెట్టకూడదని, మళ్ళీ తక్కువ డోసు నుంచి పెంచుకుంటూ రావాలని రాయండి. ఈ ఒక్క లైన్ తెలియక జరిగే ప్రమాదాలు నిజంగా ఆపగలిగినవి.

8. వీడియోలో, ఫోన్ గ్రూపుల్లో

దూరంగా ఉన్నవాళ్ళతో వీడియోలో చెయ్యొచ్చు. సంజీవ్ అరోరా 2003లో న్యూ మెక్సికో యూనివర్సిటీలో హెపటైటిస్ సి కోసం మొదలుపెట్టిన ప్రాజెక్ట్ ఎకో ఇదే పని వీడియో మీద చేసింది, తర్వాత మానసిక ఆరోగ్యంలోకీ వచ్చింది. పైన చెప్పిన వరసే, కాకపోతే ఫెసిలిటేటర్ పేరు పెట్టి పిలవాలి, లేకపోతే ఎవరూ మైక్ ఆన్ చెయ్యరు.

ఫోన్ గ్రూపులో మాత్రం కేసు వివరాలు, ప్రిస్క్రిప్షన్ ఫొటోలు, పేషెంట్ వీడియోలు వద్దు, "అర్జెంట్" అన్నా వద్దు. అర్జెంట్ అయితే ఫోన్ చెయ్యండి. గ్రూపు టైమ్ గుర్తుచెయ్యడానికి, లింక్ పంపడానికి.

9. ఒక పేషెంట్‌ని పోగొట్టుకున్నప్పుడు

ఇది రాయడానికి చెయ్యి రావట్లేదు, కానీ ఈ పనిలో ఉన్నవాళ్ళకి ఎప్పుడో ఒకప్పుడు ఇది ఎదురవుతుంది. పేషెంట్ ఆత్మహత్యతో చనిపోయిన వార్త వచ్చినప్పుడు వరస ఇలా ఉండాలి.

మొదటి రోజు: చూసుకుంటున్న క్లినీషియన్‌ని ఒంటరిగా వదలకండి. టీమ్ లీడ్ స్వయంగా వెళ్ళి చెప్పాలి, మెసేజ్‌లో తెలియకూడదు. మిగతా అపాయింట్‌మెంట్లు ఎవరైనా పంచుకోవాలి. ఫీల్డ్ వర్కర్‌నీ మర్చిపోవద్దు, ఆ ఇంటి గడప ఎక్కువసార్లు తొక్కింది వాళ్ళే.

మొదటి వారం: ఇంటివాళ్ళని ఎవరు కలుస్తారు, ఏం చెప్తారు అని తేల్చుకుని వెళ్ళండి. చాలా టీములు భయంతో మొహం చాటేస్తాయి, ఇంటివాళ్ళకి ఆ మౌనం రెండో దెబ్బ.

3 నుంచి 6 వారాల మధ్య: నేర్చుకునే రివ్యూ. సంస్థ చేసే విచారణ వేరు, ఇది వేరు, రెండూ ఒకే రోజు ఒకే గదిలో పెట్టకండి. ముందు కాలక్రమం రాయండి, ఏ రోజు ఎవరికి ఏం తెలుసో అదొక్కటే. ఇప్పుడు మనకి తెలిసింది అప్పుడు వాళ్ళకి తెలియదు, ఫెసిలిటేటర్ ఈ మాట ఎన్నిసార్లయినా గుర్తుచెయ్యాలి.

"రిస్క్ స్కోర్ తక్కువ వచ్చింది కదా" అన్న మాట తప్పకుండా వస్తుంది. ఆత్మహత్యని ముందే కనిపెట్టడానికి రిస్క్ స్కేళ్ళని వాడొద్దని బ్రిటన్‌లో చికిత్స గైడ్‌లైన్లు ఇచ్చే నైస్ సంస్థ 2022 గైడ్‌లైన్‌లో స్పష్టంగా చెప్పింది. కాబట్టి స్కోర్ ఎవరు తప్పు వేశారని వెతక్కండి. ఈ ప్రశ్నలు అడగండి: ఆసుపత్రి నుంచి డిశ్చార్జ్ అయిన కబురు మనకి ఎప్పుడు అందింది? మొదటి కాల్ ఎన్నో రోజున వెళ్ళింది? ఇంటివాళ్ళు ఏదైనా చెప్పాలని ప్రయత్నిస్తే విన్నది ఎవరు? డిశ్చార్జ్ తర్వాత మొదటి వారం, మొదటి నెలలు ప్రమాదం బాగా ఎక్కువగా ఉండే కాలం, 7 రోజుల్లోపు, వీలైతే 72 గంటల్లోపు మనిషిని కలిసే ఏర్పాటు ఉందా లేదా అన్నది టీమ్ చేతిలో ఉన్న విషయం.

రివ్యూ చివర్లో మార్చగలిగే ఒకటి రెండు పనులు రాసి, అదే రిజిస్టర్‌లో తేదీతో పెట్టండి.

10. తరచూ జరిగే తప్పులు

ప్రతి వారం లెక్చర్ అయిపోతోంది. సీనియర్‌ని నేరుగా ఏమీ అనకండి, ముందే విడిగా కలిసి "మీరు చివర్లో మాట్లాడితే మాకు మీ ఆలోచన ఇంకా బాగా ఉపయోగపడుతుంది" అని చెప్పండి. చాలామంది ఒప్పుకుంటారు. ఒప్పుకోకపోతే లెక్చర్‌కి నెలకోసారి వేరే టైమ్ ఇచ్చేయండి.

ఎవరూ కేసు తేవట్లేదు. దాదాపు ఎప్పుడూ కారణం భయమే. టీమ్‌లో పేరున్నవాళ్ళు తమకి దారి తోచని కేసు, తాము తప్పు చేసిన కేసు ముందు తేవాలి. మూడు వారాలు అలా జరిగితే మిగతావాళ్ళు ధైర్యం చేస్తారు.

చర్చంతా మందుల మీదే. పేజీలో రెండో పాయింట్, పేషెంట్‌కి ఏం కావాలన్నది, ఫెసిలిటేటర్ గట్టిగా చదివి "దీనికి మనం ఏం చెప్తున్నాం?" అని అడగాలి. చాలాసార్లు వాళ్ళు అడిగేది ఉద్యోగమో, ఒక గది అద్దెకి దొరకడమో, కూతురితో మాట కలవడమో అయ్యుంటుంది.

పేషెంట్ గురించి చులకన మాటలు. "మానిప్యులేటివ్", "నాన్ కంప్లయంట్" లాంటివి రాగానే అక్కడే ఆపి "ఏం చేశారో చెప్పండి, పేరు పెట్టొద్దు" అనండి. పేషెంట్ ఆ కుర్చీలో కూర్చుని ఉంటే ఏ మాట వాడతామో అదే వాడాలి.

అటెండెన్స్ తగ్గుతోంది. బలవంతం చెయ్యకండి, ముందు తిరిగొచ్చే కేసులు సరిగ్గా వస్తున్నాయా చూడండి. తాము చెప్పింది ఏమైందో తెలుసుకోవాలని ఎవరికైనా ఉంటుంది.

11. మొదటి 12 వారాలు

- 1, 2 వారాలు: ఎవరెవరో తేల్చుకోవడం, ఒప్పందం రాయడం, రిజిస్టర్ తయారు చెయ్యడం. కేసులు వద్దు.
- 3, 4 వారాలు: సీనియర్లు తెచ్చిన కేసులు, వారానికి ఒక్కటే.
- 5 నుంచి 8: మిగతావాళ్ళ కేసులు. 7వ వారం నుంచి పాత కేసులు తిరిగి రావడం మొదలవ్వాలి.
- 9 నుంచి 11: జనరల్ డాక్టర్లని పిలవడం, వాళ్ళ కేసు ఒకటైనా తీసుకోవడం.
- 12వ వారం: కొత్త కేసు వద్దు. రిజిస్టర్ తెరిచి, గడువు దాటిన కేసుల్లో "చివరికి ఏమైంది" గడి ఎన్నిటికి ఖాళీగా ఉందో లెక్కపెట్టండి. ఆ కేసులకి ఎదురుగా ఉన్న పేర్లవాళ్ళు ఆ వారంలోనే పేషెంట్‌కి ఫోన్ చెయ్యాలి లేదా ఇంటికి వెళ్ళి రావాలి, వాళ్ళు తెచ్చిన కబురుతోనే 13వ వారం మీటింగ్ మొదలుపెట్టండి.